ఉండలు కట్టని బట్ట

“ముందు ఆ బోర్డు దింపించండి, తర్వాత మాట్లాడుకుందాం” అంటూ వసుమతి సంచీలోంచి భర్త టీ షర్టు తీసి కౌంటరు మీద పడేసింది.

అబిడ్స్‌లోని ఆ బట్టల కొట్టుకు ఉన్న పేరంతా ఆ బోర్డు వల్లనే. ‘మా నూలు బట్ట ఉండలు కడితే వాపస్’ అని పెద్దాయన అంజయ్య రాయించి పెట్టాడు. పాతికేళ్ళలో ఒక్కరూ వాపసు తేలేదు. ఇప్పుడు కొట్టు చూసుకుంటున్న ఆయన కొడుకు సదాశివ గబగబా షర్టును తన వైపు లాక్కున్నాడు.

“జర నిమ్మళంగుండున్రమ్మా. మీరు గీ షర్టు కొన్న దినం నాకు యాదికుంది. గంటన్నర సూసిన్రు.”

నిజమే. ఆవిడ కొనడమంటే బట్టకు పరీక్షే. సాగదీసి వదిలి, మళ్ళీ మొదటి కొలతకు వచ్చిందో లేదో చూసింది. వెలుతురుకు పట్టి అల్లిక సందులు చూసింది. లోపలి కుట్టులోంచి ఒక పోగు లాగి, పురి విప్పి, పీచు పొడుగ్గా ఉందని తేలాకే తల ఊపింది. పీచు పొట్టిదైతే కొసలు పైకి లేచి ఉండలు కడతాయట. ఈ రహస్యం తండ్రి నేర్పేదాకా సదాశివకే తెలీదు. ఆ రోజు ఆవిడకు మనసులోనే దండం పెట్టుకున్నాడు.

“మా వీధిలో నలుగురు నా మాట మీదే మీ దగ్గర కొన్నారండీ. ఇప్పుడు వాళ్ళకి మొహం ఎలా చూపించను? మూడు నెలలు కాలేదు, వీపు చూడండి!”

సదాశివ చూశాడు. వీపు నిండా ఆవగింజలంత నూగు ఉండలు.

“ఎట్ల ఉతుకుతున్రు?”

“తిరగేసి, చన్నీళ్ళలో, చేత్తో. బండకేసి బాదను, బ్రష్షు తగలనివ్వను. ఆరెయ్యడం కూడా నీడలోనే.”

“గింత పద్ధతిగ ఎవ్వరుతుకుతరమ్మా!” సదాశివ పైకే అనేశాడు. తగవుకు వచ్చిన మనిషిని మెచ్చుకోవడం వ్యాపారానికి మంచిది కాదని తెలిసినా ఆగలేకపోయాడు. “కానీ ఉండలు మొదలు చంకల కాడ కడ్తయి. గీడ సూడున్రి, సాఫ్. ముంగట గూడ సాఫ్. ఒక్క వీపుకే ఏమొచ్చింది? మీ సారు ఏం పని చేస్తరు?”

“గన్‌ఫౌండ్రీలో, ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతారు. స్టూలు మీద కూర్చునే పని. వీపు ఆనించుకోడానికి కూడా ఏమీ ఉండదు.”

“గన్‌ఫౌండ్రీనా? మా బాపు గూడ దినాం సాయంత్రం గాడికే పోతడు, దోస్తు ఇంట్ల చదరంగం ఆడనీకి. మూడో అంతస్తు! మోకాళ్ళు సూసి డాక్టరు వద్దన్నడు. ఎక్కలేని దినం చెప్పు, గా దినం సంది ఇంట్లనే కూసో అన్న నేను. ఇప్పటిదాంక చెప్పలే. డెబ్బై ఎనిమిదేండ్లల్ల యాభై రెండు మెట్లు, ఎవ్వరి చెయ్యి పట్టకుండ!”

కొట్టుకు వచ్చినవాళ్ళందరికీ ఈ సంగతి చెప్పందే సదాశివకు తోచదు. చెప్పినప్పుడల్లా మొహం వెలిగిపోతుంది. వసుమతి కూడా తగవు మరిచి అటు తిరిగింది. మూలన కుర్చీలో, మే నెలలోనూ విప్పని స్వెట్టరుతో, అంజయ్య తల వంచుకుని తువ్వాళ్ళు మడత పెడుతున్నాడు.

“ఎంత ఓపికండీ! మా వారికి నలభై లేవు, ఇంటికొస్తూనే నడుం పట్టేసిందంటారు.”

సదాశివ ఒక ఉండను గిల్లి తీసి, అగ్గిపుల్ల వెలిగించి అంటించాడు. వాసన చూసి ఎగిరి గంతేసినంత పని చేశాడు.

“ఎంటికలు కాలిన వాసన! నూలైతే కాయితం కాలినట్టుండాలె. ఇది ఉన్ని! మా బట్టది తప్పు గాదమ్మా, మీ ఉతుకుడుదీ గాదు. ఉన్నిది ఏందో దినాం మీ సారు వీపుకు రాసుకుంటుంది.”

“ఈ ఎండల్లో ఉన్నా?”

అడిగాక ఆవిడ మొహం పాలిపోయింది. “రోజూ గంట ఆలస్యంగా వస్తారు. బస్సు దొరకలేదంటారు. ఈ షర్టు వాపసిస్తానంటే వద్దని బతిమాలారు కూడా...”

ఆ మాట అక్కడే ఆపేసి, షర్టును మడత కూడా పెట్టకుండా సంచీలో కుక్కుకుంది. “బోర్డు ఉండనివ్వండి. మీ తప్పేం లేదు.”

బోర్డు నిలిచింది. అయినా ఆవిడ మొహంలోకి చూడ్డానికి సదాశివకు ధైర్యం చాలలేదు.

“ఆగు బిడ్డా.”

అంజయ్య లేచాడు. కౌంటరు పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చాడు. “సదాశివా, ఈమెకు కొత్త షర్టియ్యి.”

“బట్ట మంచిదే బాపు! నువ్వే సూడు, ఉన్ని అంటుకుంది గంతే.”

“బట్ట మంచిదే. ఈమె మొగడు గూడ మంచోడే. ఇంట్ల గూడ చెప్పొద్దని ఆయనతోని ఒట్టు ఏయించుకుంది నేను.” పెద్దాయన స్వెట్టరు మీద చెయ్యి పెట్టుకుని కొడుకు వైపు చూశాడు. “నా చదరంగం బందైతే కానియ్యి గానీ, గా యాభై రెండు మెట్లు దినాం ఎక్కేది ఆయన, నేను ఆయన వీపు మీదుంట.”