ఆకుపచ్చ దీపం

నటించిన ముక్కని ఇట్టే పసిగట్టి కత్తిరించేసే యంత్రం ప్రతి కెమెరాకీ ఉండి తీరాలని చట్టం వచ్చిన రోజులవి. మనిషి నటించకుండా నిజంగా ఉన్నప్పుడే దాని మీద ఆకుపచ్చ దీపం వెలిగేది.

హీరో జయధీర్, అతని భార్య హీరోయిన్ తరళ తమ కాపురాన్ని షోగా ఆర్నెల్లు తీయించారు. కత్తిరింపులయ్యాక మిగిలింది తొమ్మిది నిమిషాలు. ఆ తొమ్మిదీ వంటమనిషి సూరమ్మ మాడిన పోపుని తిట్టుకోవడమే. ఇవాళ కూడా ఏమీ దొరక్కపోతే షో ఆపేస్తామంది ఛానల్. షోతో పాటు తన పనీ పోతుందని సూరమ్మ బెంగ. ఉప్మా పళ్లేలు పట్టుకుని హాల్లోకి వచ్చింది.

"అంతా నీవల్లే. పడుకునేటప్పుడు కూడా మేకప్పేంటి?" అంటున్నాడు జయధీర్.

"నువ్వు మాత్రం? గురక కూడా డబ్బింగ్ చెప్పినట్టు పెడతావు."

అతనికి నవ్వాగలేదు. ఆమెకీ ఆగలేదు. ఇద్దరూ కడుపులు పట్టుకుని సోఫాలో కూలబడ్డారు. దీపం వెలిగింది.

"అమ్మగారూ, వెలిగిందండీ" అంది సూరమ్మ ఉండబట్టలేక.

ఇద్దరూ ఠక్కున ఆగి, జుట్టు సవరించుకుని, కెమెరా వైపు తిరిగి మళ్లీ నవ్వారు. దీపం ఆరిపోయింది.

"నా నోరు పడిపోను" అని గొణుక్కుంది సూరమ్మ.

దీపం మళ్లీ వెలిగింది.