విరుపులమ్మ

"నాయనా, నీ కాలు మళ్ళీ పోయింది!"

గుమ్మంలోంచి ఆ గొంతు వినబడగానే మేస్త్రీకి ఒళ్ళు మండింది.

కృత్రిమ కాళ్ళు తయారుచేసే వర్క్‌షాపు అది. వచ్చినావిడ చంకలో కర్ర, చేతిలో సంచి, సంచిలో విరిగిన నల్లటి కాలు, కార్బన్ పీచు పొరల్ని జిగురుతో అతికించి చేసింది. మొహమంతా నవ్వు.

కొత్తరకం కాలు వాడి చూస్తానని తనంతట తానే వచ్చిన మనిషి. ఎవరో, ఏం చేస్తుందో మేస్త్రీ అడగనే లేదు. విరుపులమ్మ అని పేరు మాత్రం పెట్టేశాడు.

"పొరలన్నీ ఊడొచ్చాయి చూడు. నీ పీచుకీ జిగురుకీ మాటల్లేవా ఏమిటి?"

"నడవమని ఇచ్చానమ్మా, యుద్ధానికి వెళ్ళమని కాదు!"

"ఇచ్చాక ఎక్కడికి వెళ్తే నీకెందుకు?"

పనివాళ్ళు కిసుక్కున నవ్వారు. మేస్త్రీకి మాత్రం నవ్వు రాలేదు. ఈ రకం కాలు నిలబడితే మొదట తన కూతురికే పెట్టాలని ఆయన ఆశ. "నాదెప్పుడు నాన్నా?" అని పిల్ల రోజూ ప్రాణం తీస్తోంది.

కార్బన్ పీచు మరీ నునుపు. జిగురుకి పట్టు దొరకదు. యాసిడ్‌లో నానబెట్టి పైన గరుకు తెప్పించాడు.

విరుపులమ్మ అదీ విరగ్గొట్టుకొచ్చింది. ఈసారి పొరలు ఊడలేదు, పీచే తెగింది. నానడం ఎక్కువైందన్నమాట. మేస్త్రీ ఆవిడని తిట్టుకుంటూనే, నానబెట్టే సమయం తగ్గించి ఇంకోటి చేసిచ్చాడు.

చాన్నాళ్ళకి మళ్ళీ వచ్చింది. చంకలో కర్ర లేదు.

"ఓడిపోయాను నాయనా. దీన్నేమీ చేయలేకపోయాను. ఇక రాను."

"బతికించావు తల్లీ!" అని చేతులు జోడించి పంపేశాడు. కూర్చోమని కూడా అనలేదు.

ఆ వారమే అదే పీచుతో చిన్నకాలు తయారైంది. పిల్ల అది తొడుక్కుని ఇల్లంతా చుట్టేసింది. వాళ్ళమ్మ నవ్వుతూనే ఏడ్చేసింది. అంతలో పిల్ల పిట్టగోడెక్కి ధబ్బున దూకింది!

మేస్త్రీ పరుగున వెళ్ళి పిల్లని పట్టుకున్నాడు. కాలు మాత్రం చెక్కుచెదరలేదు.

"ఎవరే నీకీ దూకుళ్ళు నేర్పింది?"

"మా ఆటల టీచర్. నిన్ననే బదిలీ అయి వెళ్ళిపోయారు."

"ఆవిడకేం, దూకమంటుంది! విరిగేది నీ కాలు కదా!"

"విరగదు నాన్నా. చెబితే నువ్వు తనని దూకనివ్వవని నీకు చెప్పొద్దన్నారు గానీ, నువ్విచ్చిన కాళ్ళేసుకుని ఆవిడ రోజూ బడి గోడ మీంచి దూకేవారు, 'ముందు ఈ కాలు నా దగ్గర నిలవాలి, ఆ తర్వాతే నీకు' అంటూ."