పంతొమ్మిది రోజుల పూచీ

“ఆ పిల్ల నాకేమీ కాదండీ” అన్నాడు వ్యాను డ్రైవరు. “మా ఆవిడ అన్న కూతురు. ఏదో ఇంత ముద్ద పెడుతున్నాం. అది బడి ఎగ్గొడితే నన్ను పిలుస్తారేంటి?”

హాజరు ఆఫీసరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “నువ్వు కన్నావా లేదా అని చట్టం అడగదయ్యా. పిల్ల ఎవరింట్లో ఉంటే పూచీ వాళ్లదే. సంతకం పెట్టు.”

డ్రైవరు సణుక్కుంటూ పెట్టాడు. పొద్దున్నుంచీ ఆ గదిలో ఇదే వరస. మొగుడు పెళ్లాం మీదకి తోస్తాడు. పెళ్లాం అత్త మీదకి తోస్తుంది. అత్తకి చెవుడు.

“తరవాత ఎవరు?”

బట్టలు కుట్టే ఆవిడ లేచింది. భారీ మనిషి. మెడలో కొలతల టేపు అలాగే ఉంది, మిషను మీంచి తిన్నగా లేచొచ్చినట్టు. పక్కన తొమ్మిదేళ్ల పిల్ల. పిల్ల ఒక గుడ్డసంచిని గుండెలకి అదుముకుని ఉంది.

“పంతొమ్మిది రోజులు బడి మొహం చూడలేదు” అన్నాడు ఆఫీసరు. “రెండు నోటీసులు పంపాం. పలికిన నాథుడు లేడు. ఇవాళ కూడా పూచీ పడే మనిషి రాకపోతే పిల్లని వసతిగృహానికి పంపెయ్యాలని కాయితం రాసి పెట్టాం. రెండు రోజుల దారి. ఏమ్మా, ఏం చెప్తావు?”

అందరూ చూశారు, ఈవిడ ఎవరి మీదకి తోస్తుందా అని. ఏమంది?

“తప్పు నాదేనండీ” అంది.

గుమాస్తా కలం ఆగింది.

“నేనే ఆపాను. నా కొట్లో కూర్చోబెట్టి గుండీలు కుట్టించుకున్నాను.”

గుమ్మం దగ్గర డ్రైవరు నవ్వాడు. “కొరివితో తల గోక్కుంటావేంటక్కా? జొరం అని చెప్తే పోయేదిగా.”

“నువ్వెళ్లి వ్యాను తోలుకో తమ్ముడూ.”

ఆఫీసరు పిల్లని దగ్గరికి పిలిచాడు. చొక్కా చెయ్యి చాపాడు. “ఈ గుండీ వేలాడుతోందమ్మా. కుట్టు, చూద్దాం.”

ఆవిడ జాకెట్టుకి గుచ్చుకున్న సూది తీసి, ఇంత దారం ముక్కతో పాటు ఇచ్చింది. పిల్ల దారం ఎక్కించబోయింది. ఒకసారి, రెండుసార్లు, నాలుగుసార్లు. ఐదోసారి వేలికి గుచ్చుకుంది. సంచి చంకలోంచి జారింది. అందులోంచి ఆస్పత్రివాళ్లిచ్చిన మరణ చీటీ ఒకటి, మడతపెట్టిన స్వెట్టరు ఒకటి కింద పడ్డాయి. ఎవరో సన్నటి మనిషి స్వెట్టరు.

ఆఫీసరు తనే వంగి తీశాడు. చీటీ చదివాడు. స్వెట్టరు చూశాడు. ఆవిడ భుజాలు చూశాడు. మడత చెదరకుండా సంచిలో పెట్టి పిల్లకిచ్చాడు. ఇరవై ఏళ్లుగా ఆ కుర్చీలో కూర్చుని అబద్ధాలు వింటున్నాడాయన. అన్నీ తప్పించుకోడానికి చెప్పినవే. తగిలించుకోడానికి చెప్పింది ఇదే మొదటిది.

“మొదటిసారి కాబట్టి” అన్నాడు మెల్లిగా, “పేరు రాయకుండా మందలించి వదిలేస్తాను. వెళ్లు.”

“వద్దండీ.” ఆవిడ బల్ల అంచు పట్టుకుంది. “పేరు రాయండి. ఇంటి నంబరు రాయండి. పిల్ల నా ఇంట్లోనే ఉంటుందని, పూచీ నాదేనని రాసి ముద్ర కొట్టివ్వండి. శిక్ష మీ ఇష్టం.”

“శిక్ష అడిగి వేయించుకునేవాళ్లని ఇప్పుడే చూస్తున్నా” అన్నాడు గుమాస్తా.

“నువ్వు రాయవయ్యా” అన్నాడు ఆఫీసరు. “రోజూ పొద్దున పిల్లని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, బళ్లో సంతకం పెట్టాలి. అదీ శిక్ష.”

“ఎన్నాళ్లని రాయమంటారు?”

ఆఫీసరు ఆవిడ వైపు చూశాడు.

“చదువు అయ్యేదాకా” అంది ఆవిడ.

గుమాస్తా అదే రాశాడు. ఆఫీసరు ముద్ర తనే తీసుకుని బల్ల అదిరేలా కొట్టాడు. వసతిగృహం కాయితాన్ని నిలువునా చింపి బుట్టలో వేశాడు.

బయటికొచ్చి మెట్ల మీద నిలబడ్డారు ఇద్దరూ. ఆవిడ కాయితం పిల్ల చేతికిచ్చింది. “సంతకం తప్ప నాకు అక్షరాలు రావు. చదివి పెట్టు.”

పిల్ల వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివింది. కింద ముద్ర దాకా చదివింది. తలెత్తి ఆవిడ మొహంలోకి చూసింది.

“ఇంక మిమ్మల్ని ఏమని పిలవాలండీ?”