పదిహేడో నంబరు పొట్టేలు

"ఎక్కించను," అంది కవయిత్రి.

ఆమె కవిత్వం రాసింది లేదు. మెయిన్ సబ్జెక్టు సాహిత్యం, మైనర్‌గా పశుపోషణ తీసుకుంది కాబట్టి క్లాసువాళ్ళు తగిలించిన పేరది. ఒక చెయ్యి పొట్టేలు గడ్డం కింద, ఇంకొకటి తోక దగ్గర పెట్టి, కబేళా లారీ ముందు రాయిలా నిలబడింది.

పశుపోషణ లెక్చరర్‌కి ఒళ్ళు మండింది. ఏడాది పొడుగునా తలా ఒక పొట్టేలుని మేపి, చివర్లో ఎవరి పొట్టేలుని వాళ్ళే లారీ ఎక్కించాలి. అదే ఆఖరి పరీక్ష. మిగతావన్నీ ఎక్కేశాయి.

"కథలు చదువుకునేదానివి, నీకీ పెంటకుప్పల గోల వద్దని ఆ రోజే చిలక్కి చెప్పినట్టు చెప్పాను. విన్నావా?"

"సార్, నేను చెప్పేది..."

"నువ్వేం చెబుతావో నాకు తెలుసులే. దీనికి పేరు కూడా పెట్టుంటావు!"

"పెట్టలేదు. చెవి బిళ్ళ మీద పదిహేడని ఉంది. చాలదా?"

"మరి ఎక్కించడానికేం రోగం?"

"ఇవాళ ఎక్కించను సార్. ఎందుకంటే..."

"ఎందుకంటే నీకు మనసొప్పదు! నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళా? పరీక్ష పోతుంది. డిగ్రీ ఆగిపోతుంది. తెలుసా?"

"తెలుసు. ఫెయిల్ చేసుకోండి."

ఆయన లారీ డ్రైవర్‌కి సైగ చేశాడు. తాడు అందుకోబోయిన డ్రైవర్, ఆమె చూసిన చూపుకి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"నా వల్ల కాదు సార్. నాకూ ఆడపిల్లలున్నారు," అంటూ ముక్కు చీదుకున్నాడు.

"లారీ నా మీంచి పోనివ్వండి. ఇది మాత్రం ఎక్కదు," అంది కవయిత్రి. పొట్టేలు తాపీగా ఆమె చొక్కా అంచు నములుతోంది.

లెక్చరర్ మనసు కరిగిపోయింది. ఇన్నేళ్ళలో ఎన్ని జీవాల్ని సాగనంపాడో ఆయనకే తెలీదు. ఒక్కదాని కోసమైనా ఎవరూ ఇలా అడ్డం నిలబడలేదు. ఆయనా నిలబడలేదు. సిగ్గేసింది.

"నువ్వే గెలిచావమ్మా," అన్నాడు, పొట్టేలు తల నిమురుతూ. "పాస్ చేస్తాను. ఇంటికి తోలుకెళ్ళి పెంచుకో. నిండు నూరేళ్ళూ బతకనీ."

క్లాసు పిల్లలంతా చప్పట్లు కొట్టారు. డ్రైవర్ పొట్టేలుకి దండం పెట్టాడు.

కవయిత్రి వాళ్ళందరినీ పిచ్చివాళ్ళని చూసినట్టు చూసింది.

"ఇంటికా? చెప్పనిస్తేగా! మీరు సెలవులో ఉంటే మొన్న దీనికి జ్వరమొచ్చి పశువుల డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చారు. మందు ఒంట్లోంచి పోయేదాకా మాంసం తినకూడదని పాఠం చెప్పింది మీరే కదా సార్! వచ్చే వారం లారీ పంపండి, నేనే ఎక్కిస్తాను. తొడ ముక్క కావాలని మా అమ్మ అప్పుడే చెప్పి పెట్టింది."