ఒట్టుకు సరిపడా

కుర్దీ తప్ప జోజాన్‌కు మరో భాష రాదని, టర్కీలోని మెర్సిన్ ఆసుపత్రికి భర్త తన తల్లి పెరిహాన్‌ను దుబాసీగా తోడు పంపాడు.

"ఇంకా పిల్లలు కావాలా, లూప్ వేయమంటావా?" టర్కీ భాషలో అడిగింది డాక్టరమ్మ.

"ఐదుగురు ఆడపిల్లలు చాలత్తా. లూప్ వేయమను," జోజాన్ కుర్దీలో బతిమాలింది.

పెరిహాన్ డాక్టరమ్మ వైపు తిరిగింది. "లూప్ వద్దట. కొడుకు కావాలట."

టీవీ చూస్తూ దొంగచాటుగా నేర్చుకున్న టర్కీ మాటలు జోజాన్ నోట మొదటిసారి వచ్చాయి. "అబద్ధం. వేయండి!"

డాక్టరమ్మ చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. అత్త కోడలి చెవిలో గొణిగింది.

"నోరు విప్పడానికి ఇంతసేపా, పిచ్చిమొహమా! నీకు భాష వచ్చని నాకెప్పుడో తెలుసు. మనం ఇంటికెళ్లగానే నా కొడుకు, లూప్ వద్దని చెప్పావా అని నన్ను ఖురాన్ మీద ఒట్టేయమంటాడు. వద్దనే చెప్పానని వేస్తా. నా పదకొండు కాన్పులప్పుడు నాకు టర్కీ ముక్క రాదే."