గూడెం వాకబు

"మదారు గారూ, ఎండ మండిపోతోందండి. కాస్త మజ్జిగ పుచ్చుకుని ఎక్కండి," అన్నాడు రామలింగం, నిచ్చెన పక్కన నిలబడి.

ఆ మాట అని గుమ్మం దాటాడో లేదో గొంతు మారిపోయింది. "ఏమే, చేతులు పడిపోయాయా? మజ్జిగ తేవడానికి ముహూర్తం పెట్టించాలా నీకు?"

భార్య రత్నమాల గ్లాసు తెచ్చి గుమ్మంలో పెట్టి లోపలికి వెళ్లిపోయింది. పెళ్లయిన నాటినుంచీ ఆమె చేస్తున్నది అదే. మదార్ మజ్జిగ తాగి, తడిగుడ్డ భుజాన వేసుకుని మేడ కిటికీ దాకా ఎక్కాడు.

రామలింగానిది ఏలూరు వన్‌టౌన్లో టోకు కిరాణా. నోరు మంచిదని బజారంతా చెప్పుకుంటారు. కందిపప్పు పురుగు పట్టిందని ఎవరైనా మొహాన కొట్టినా, "క్షమించాలండీ" అంటాడు. ఆ తీపంతా కొట్లోనే ఖర్చయిపోయేది కాబోలు, ఇంటికి వచ్చేసరికి చిటికెడు కూడా మిగిలేది కాదు.

ఇల్లు తాతగారి నాటి పెంకుటి మేడ. చూరు పొడుగునా రేకు కాలవ, నిలువెత్తు కిటికీలకు రంగుటద్దాలు. కాలవ నిండా ఎండుటాకులు, పావురాలు పోగేసిన పుల్లలు. తొలకరికి ముందే ఊడ్పించకపోతే వాన నీళ్లు గోడల్లోకి దిగుతాయి. రామలింగానికి ఆ ధ్యాసే లేదు. మే నెలలో ఓ పొద్దున మదారే నిచ్చెన మోసుకుంటూ వచ్చి, అడిగి మరీ పని తీసుకున్నాడు. అత్తిలి నుంచి ఏలూరు దాకా పాత ఇళ్ల చూరులూ కిటికీలూ శుభ్రం చేయడమే అతని బతుకుతెరువు.

సమయానికే వచ్చాడనుకున్నాడు రామలింగం. కొడుకు పండుకి అప్పుడే తాడేపల్లిగూడెం సంబంధం మాటల్లో ఉంది. పిల్ల పేరు హర్షిత. తండ్రి ఏడుకొండలుకి అక్కడ ఉల్లిపాయల వ్యాపారం. పండుకి ముప్ఫై దగ్గరపడుతున్నాయి. ఇంతకుముందు వచ్చిన సంబంధాలన్నీ ఏవేవో సాకులతో జారిపోయాయి. ఇది కూడా పోతే వాడు ఇక ఒంటరిగానే మిగిలిపోతాడని రామలింగానికి బెంగ. పైకి చెప్పుకోడు గానీ, ఆ బెంగతో అన్నం సహించడం లేదు.

నిచ్చెన కిటికీ కిటికీకీ జరుగుతూ పోయింది. లోపల రామలింగం పులుసులో ఉప్పు దగ్గర మొదలుపెట్టి భార్య పుట్టింటివాళ్ల దాకా గొంతు చించుకుంటూనే ఉన్నాడు. పండు కంచంలోంచి తల ఎత్తలేదు. అద్దానికి అవతల ఒక మనిషి ఉన్నాడని ఎవరికి గుర్తుంటుంది?

ఆఖరి రోజున మాత్రం, అద్దం మీద ఆడుతున్న ఆ గుడ్డని చూసి రామలింగానికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. ఇలాంటి ఉపాయం ఏలూరులో ఇంకెవరికైనా తడుతుందా అని తన భుజం తానే తట్టుకున్నాడు. మదార్‌ని అరుగు మీద కూర్చోబెట్టి సంగతి చెప్పాడు. గూడెంలో ఏడుకొండలుదీ పాత ఇల్లే. అక్కడికి వెళ్లి పని అడగాలి. పిల్ల ఎలాంటిదో, ఇంట్లోవాళ్లు ఒకరితో ఒకరు ఎలా ఉంటారో కనిపెట్టి రావాలి.

మదార్ కళ్లు పెద్దవి చేయలేదు. "ముఖ్యంగా ఏం చూడమంటారండీ?" అని మాత్రం అడిగాడు.

"నోరండీ, మదారు గారూ. నోరు దురుసైన ఇంటి పిల్ల మాకొద్దండీ." లోపల ఏదో గిన్నె జారిపడింది. "ఏం పగలగొట్టి చచ్చావే?" అని అటు ఒక కేక వేసి, ఇటు తిరిగి నవ్వాడు. "మిమ్మల్ని రానిస్తారంటారా?"

"రానిస్తారండి," అన్నాడు మదార్.

వారం తిరక్కుండానే కబురు తెచ్చాడు. బంగారంలాంటి ఇల్లట. ఏడుకొండలు భార్యని మంచినీళ్లు అడిగినా నెమ్మదిగా అడుగుతాడట. పిల్ల తండ్రితో నవ్వుతూ వాదిస్తుందట, ఆయన నవ్వుతూ ఓడిపోతాడట. ఆ వాదించడం ఒక్కటీ రామలింగానికి నచ్చలేదు. అది పెళ్లయ్యాక మాన్పించవచ్చులే అనుకుని, కొత్తగా కొన్న సెల్‌ఫోన్లో మధ్యవర్తి చిట్టిబాబుని పిలిచి, ఇక ముహూర్తాలు చూడమన్నాడు.

మర్నాడు చిట్టిబాబు మొహం వేలాడేసుకుని వచ్చాడు. "వాళ్లు వద్దంటున్నారండి. అబ్బాయికి ఏ వంకా పెట్టలేదు. మీరు ఇంట్లో ఆడమనిషితో మాట్లాడే తీరు తెలిశాక, పిల్లనివ్వడానికి మనసొప్పలేదట."

రామలింగానికి కాళ్ల కింద భూమి కదిలిపోయింది. వీధిలో తను ఏనాడైనా గొంతెత్తాడా? నాలుగు గోడల మధ్య మాట గూడెం ఎలా చేరింది? రత్నమాలే ఎవరికో చెప్పి ఏడ్చి ఉంటుందని చీకటిపడేదాకా ఆమె మీద విరుచుకుపడ్డాడు. ఆమె చేటలో బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. పండు మాత్రం మొదటిసారి నోరు విప్పి, "ఇక చాలండి, నాన్నగారూ," అని చెప్పులు వేసుకుని బయటికి పోయాడు. అప్పుడు పట్టుకుంది రామలింగాన్ని దుఃఖం. చేతికందిన కోడలు, వాడి పెళ్లి, అంతా పోయింది.

తొలకరి జల్లు పడ్డాక మదార్ వచ్చాడు, కాలవలోంచి నీళ్లు సరిగ్గా దిగుతున్నాయో లేదో చూసుకోవడానికి. రామలింగం అతని చేతులు పట్టుకున్నాడు.

"మీరు వాళ్లింట్లో పనిచేసి వచ్చారు కదండీ. మా ఇంటి మాటలు అక్కడికి మోసిందెవరో మీకేమైనా తెలిసిందా?"

మదార్ నిచ్చెనని గోడకి ఆనించి, తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

"మోసింది నేనేనండి, మే నెలలో ఈ ఇంటి చూరు చూసి రమ్మని నన్ను పంపించింది ఏడుకొండలు గారేనండి."