గోడ దాటని ఏడుపు

ముళబాగిలు బస్సుకు పోవాల్సిన ఆటో గుమ్మం ముందు ఆగింది. విశాలమ్మ అప్పటికే మనవడి గుడ్డలన్నీ సంచిలో సర్దేసింది.

“ఇంగ కొంచేపు ఉండమ్మా,” అన్నాడు నితీశ్ నిచ్చెన మీది నుంచి. “ఈ పని కాకుంటే బిడ్డను నువ్వే ఎత్తుకుపో. నేను అడ్డం రాను.”

ఆండర్సన్‌పేటలో వాళ్లది రేకుల ఇల్లు. నితీశ్ నరసాపురం ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. బిడ్డ పుట్టినప్పుడు ఎండ తగలకూడదని లోపలి గది గోడలకూ సీలింగుకూ గ్లాస్‌వూల్ అనే గాజు దూది దట్టించి, పైన బోర్డులు బిగించాడు. గది చల్లబడింది. తలుపు వేస్తే వీధిలో హారన్లు కూడా లోపలికి రావు.

పోయిన వారం ఆ గదిలోనే బిడ్డ కాలు తొట్టి కమ్ముల మధ్య ఇరుక్కుంది. గోడకు ఇవతలే, వంటింట్లో వాడి తల్లి నయన పప్పు రుబ్బుతోంది. పక్కింటి గురువమ్మ ఏదో పని మీద వచ్చి తలుపు తీసేసరికి, ఏడ్చి ఏడ్చి వాడి గొంతు పోయింది. కాలు కమిలిపోయింది.

సంగతి తెలిసి విశాలమ్మ కిరాణా అంగడి మూసుకుని వచ్చింది. కోడలిని ఒక్క మాట అనలేదు. కొడుకుతోనే చెప్పింది.

“మా అంగట్లో నలుగురు ఉంటారు. ఏడిస్తే ఎవరో ఒకరు ఎత్తుకుంటారు. ఈడ వాడికి ఎవరుండారప్పా?”

నితీశ్ ఏడుపును పసిగట్టే చిన్న పెట్టె ఒకటి తెచ్చి తొట్టి పక్కన బిగించాడు. దాని వైరు సీలింగు మీదుగా, గోడ దాటి వంటింట్లోకి చేరాలి.

మెయిన్ ఆపేసి పైకెక్కాడు. వీపుకు రేకులు కాలుతున్నాయి. బోర్డు మీద కాలు పడితే కిందికి పోతాడు. కర్ర దూలం మీద బోర్లా పడుకుని, వైరు కట్టిన పొడవాటి స్ప్రింగు తీగను దూదిలోకి తోశాడు. గోడ దగ్గర అది ఆగిపోయింది.

గోడ అవతల నయన స్టూలెక్కి నిలబడి ఉంది. వైరు చేతికి అందగానే రెండుసార్లు గుంజమని ఆమెకు ముందే చెప్పాడు.

తోశాడు. గుంజుడు లేదు. వెనక్కి లాగి మళ్లీ తోశాడు. లేదు.

బయట ఆటో హారన్ కొట్టింది. బస్సు పోతుందని కింద నుంచి విశాలమ్మ గుర్తు చేసింది.

నితీశ్ ఒట్టి చేత్తోనే దూదిని చీల్చాడు. చేయంతా మంట. గోడలో ముందే తొలిచిన రంధ్రం వేలికి తగిలింది. స్ప్రింగును అందులోకి దూర్చి తోశాడు.

అవతల నుంచి వైరు రెండుసార్లు కదిలింది.

దిగి వచ్చి, వంటింట్లో కొసలు కలిపి మెయిన్ వేశాడు. విశాలమ్మ సంచి భుజాన వేసుకుని గది గడపలో నిలబడింది. తలుపు మూసే ఉంది. నయన వంటింట్లో పొయ్యి వైపు తిరిగి గిన్నె తోముతోంది.

లోపల బిడ్డ లేచాడు. తలుపు సందులోంచి సన్నగా ఏడుపు. విశాలమ్మ చెయ్యి గడియ మీద పడింది. నితీశ్ ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

వంటింట్లో పొయ్యి పైన ఎర్ర బల్బు వెలిగింది.

నయన గిన్నె వదిలేసి పరుగెత్తుకొచ్చింది. ఇద్దరినీ తోసుకుని లోపలికి పోయి బిడ్డను గుండెకు హత్తుకుంది. వాడు ఊరుకున్నా, తను మాత్రం ఏడుస్తూనే ఉంది.

విశాలమ్మ వీధిలోకి పోయి ఆటోను పంపేసింది.

కంటి ముందు లేని బిడ్డ ఏడుస్తున్నాడని ఎవరూ వచ్చి చెప్పకుండానే తెలియడం, పుట్టుకతో చెవులు వినపడని నయనకు అదే మొదటిసారి.